మంగళవారం ఎలుకలు

"మళ్ళీ మంగళవారమే!" పరిశోధన చేస్తున్న ఇవోన్ లెక్కల కాగితాలు బల్ల మీద పడేసింది.

చిట్టెలుకల గూళ్ళు కడుగుతున్న ఎర్మెలింద తలెత్తింది. లిస్బన్‌లోని ఆ ప్రయోగశాలలో పాతికేళ్ళుగా ఎలుకల పోషణ ఆమెదే.

"ఏమైంది తల్లీ?"

"పెట్టెలో రెండు నీటి గొట్టాలున్నాయి కదా పిన్నీ. ఒకటి కాసేపు చుక్కలిచ్చి, చెప్పకుండా ఆగిపోతుంది. నీళ్ళు అయిపోయాయో, ఇంకో చుక్క వస్తుందో ఎలుకకి తెలీదు. ఆరుసార్లు నాకి, లాభం లేదని రెండోదానికి పోతుంది. మంగళవారం మాత్రం ముప్ఫైసార్లు నాకుతూ అక్కడే కూచుంటుంది!"

"మరి మనుషులో?"

"మీట నొక్కితే కాసేపు బహుమతిచ్చి ఆగిపోయే ఆట పెడితే, వాళ్ళదీ ముప్ఫయ్యే. ఏ వారమైనా సరే."

"మా ఆయన చెడిపోయిన రేడియో మీట ఇప్పటికీ తిప్పుతూనే ఉంటాడులే."

"నవ్వకండి. మూడింటికి ప్రొఫెసరు గారొస్తారు. కారణం చెప్పలేకపోతే మూడేళ్ళ పని మళ్ళీ మొదటికొస్తుంది. మంగళవారం నేను పాఠానికి పోతే ఎలుకల్ని పెట్టెలో దించేది మీరేగా, తేడా ఏమైనా కనిపించిందా?"

"తేడా ఏముంది? బాగానే ఉంటాయి, బంగారు తల్లులు."

ఎర్మెలింద చేతులు తుడుచుకుని సంచిలోంచి ఒక రొట్టె తీసింది. ప్రతి మంగళవారం సెయింట్ ఆంటోనీ గుడిలో పేదసాదలకు పంచే రొట్టె అది. ఆమె అక్కడ పంచిపెట్టి, ఒకటి ఇవోన్ కోసం తెస్తుంది.

"ముందు ఇది తిను. మంగళవారం ఆంటోనీ గారి రోజు, ఏ ప్రాణీ ఆకలిదప్పులతో ఉండకూడదు."

ఇవోన్ రొట్టె తుంచుకుంది. "ఏమీ రాదని తెలుస్తున్నా మనుషులు ఎందుకు కదలరంటారు?"

"ఎప్పుడో ఒకసారి అక్కడే దొరికి ఉంటుంది. అది మరిచిపోలేరు. దాన్ని తెలివితక్కువ అనొచ్చా తల్లీ? నాకైతే తెలీదు."

ఇవోన్ నమలడం ఆపేసింది. కళ్ళు మెరిశాయి.

"అదే పిన్నీ! ఎలుకలకీ మనలాగే ఆశ ఉంది! ఇదే రాస్తాను. ఇంతవరకు ఎవరూ చెప్పని మాట!"

కలం తీసి గబగబా రాయసాగింది. ఎర్మెలింద మెడలోని జపమాలను వేళ్ళతో తడుముకుంది.

"ఆ మాట కొట్టెయ్యి తల్లీ."

"ఎందుకు?"

ఆమె తల దించుకుంది.

"మంగళవారం ఆ ఆగిపోయిన గొట్టంలో వెనకనుంచి చుక్కలు పోసేది నేనే."