చూసినవాడు

"నాయనా, బంతి ఎక్కడ పడింది?"

జనాన్ని ఆపే తాడు పట్టుకుని నిలబడ్డ ముసలాయన అడిగాడు. పాత వానకోటు, కళ్ళ మీదికి దిగిన టోపీ.

"నీ ముందే తాతా, గడ్డిలో. ఆ టోపీ కాస్త పైకెత్తితే కనబడుద్ది," అన్నాడు ఇన్నెస్.

ముసలాయన నవ్వాడు. టోపీ ఎత్తలేదు.

ఇన్నెస్ భుజం మీది సంచి దించాడు. అందులో అన్న స్ట్రూవన్ గోల్ఫ్ కర్రలున్నాయి. వలలల్లే పని మానుకుని వారమంతా వాటిని మోస్తున్నాడు.

ఇది పదిహేడో గుంత. దీని తర్వాత ఇంకొక్కటే. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు. ఆట ముగించుకుని కూర్చున్న ఇంగ్లీషువాడి కన్నా స్ట్రూవన్ ఒక్క దెబ్బ ముందున్నాడు.

స్కాట్లాండు మొత్తానికీ పెద్ద కప్పు అది. పిట్‌మారీ రేవులో పుట్టినవాడెవడూ దాన్ని ముట్టుకుని ఎరగడు. ఆ రోజు ఒక్క పడవా సముద్రంలోకి పోలేదు.

స్ట్రూవన్ మోకాళ్ళ మీద కూర్చుని బంతి చుట్టూ ఉన్న ఎండుగడ్డి ఏరుతున్నాడు. ఒక పుల్ల తీశాడు. ఇంకోటి లాగాడు.

బంతి వణికింది. కాస్త పక్కకి దొర్లి ఆగింది.

ఇన్నెస్ చుట్టూ చూశాడు. జనానికి గడ్డి అడ్డం. రెఫరీ అటు తిరిగి ఉన్నాడు.

"అన్నా, బంతి కదిలింది."

"నోర్ముయ్."

"చెప్పి వెనక్కి పెట్టు. ఒక్క దెబ్బ జరిమానాతో పోద్ది. పెట్టకుండా కొడితే రెండు."

"ఎవడు చూశాడు? నువ్వు చూశావా?"

స్ట్రూవన్ చెయ్యి చాపాడు.

"నువ్వు చూళ్ళేదు. కర్ర ఇవ్వు."

ఇచ్చాడు.

దెబ్బ ఠంగుమని మోగింది. బంతి గాలిని చీల్చుకుంటూ పోయి జెండా పక్కనే వాలింది. జనం కేకకి పిట్టలు లేచిపోయాయి.

కొట్టినవాడే తన తప్పు తాను చెప్పుకోవాలి. ఈ ఆటకి అదొక్కటే కాపలా. అన్నదమ్ములిద్దరికీ తండ్రి నేర్పి పోయింది కూడా అదే.

ఇన్నెస్ తాడు దాకా నడిచాడు. రెఫరీ ముసలాయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"అయ్యా, కొట్టకముందు బంతి కదిలింది. వెనక్కి పెట్టలేదు."

రెఫరీ అతన్ని ఎగాదిగా చూశాడు. "అతను మీ అన్నేగా?"

"అన్నే."

"గెలుస్తున్నాడుగా?"

"గెలుస్తున్నాడు." ఇన్నెస్ గొంతు తగ్గించాడు. "నా పేరు రానివ్వకండి. ఈ ఊళ్ళో బతకాల్సినవాణ్ణి."

రెఫరీ స్ట్రూవన్ దగ్గరికెళ్ళాడు.

"బంతి కదిలిందా?"

"నేను చూళ్ళేదు."

"చూసినవాళ్ళున్నారు. మీకు రెండు దెబ్బలు జరిమానా."

జనం తాడు మీదికి పోటెత్తారు.

"ఎవడ్రా చూసింది?"

"ఎవడు చెప్పాడో ముందుకు రమ్మను."

స్ట్రూవన్ మెల్లగా తమ్ముడి వైపు తిరిగాడు. ఇన్నెస్ సంచి పట్టీని బిగించి పట్టుకున్నాడు.

"ఒరేయ్," అన్నాడు స్ట్రూవన్.

"నేనే చెప్పాను."

తాడు దగ్గర్నించి వచ్చింది మాట. ముసలాయనది.

"కళ్ళారా చూశాను. కదిలింది."

రెఫరీ ఏదో అనబోయాడు. ఇన్నెస్ మొహం చూసి ఆగిపోయాడు.

"ఇంగ్లండువాళ్ళు పంపారా ముసలోడా నిన్ను?"

"అబ్బో, అంత దొడ్డ చూపా నీది?"

"నీ కళ్ళు సముద్రపు కాకులు పొడవ," అంది చేపలమ్మే ఆవిడ.

ఎవడో బీరు తెచ్చి ఆయన నెత్తిన కుమ్మరించాడు. ఇంకెవడో తోశాడు. ముసలాయన పడ్డాడు. జనం కాళ్ళ కింద తెల్ల కర్ర ఒకటి పుటుక్కున విరిగింది. తాడు కట్టిన గుంజేమో అనుకున్నాడు ఇన్నెస్.

పోయి లేపాల్సింది. సంచి పట్టీ వదల్లేదు.

ముసలాయన తనే లేచి, తాడు తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

స్ట్రూవన్ ఒక్క దెబ్బతో కప్పు పోగొట్టుకున్నాడు.

సాయంత్రం సారా కొట్లో ఊరంతా ఆ ముసలాయన్నే తిట్టింది. స్ట్రూవన్ తమ్ముడి మెడ చుట్టూ చెయ్యి వేశాడు.

"ఆ దరిద్రుడు నోరు విప్పాడు. నువ్వు విప్పలేదు. నాకున్నది నువ్వొక్కడివేరా."

ఇన్నెస్ గ్లాసు అక్కడే పెట్టి, ముసలాయన దొరుకుతాడేమోనని స్టేషనుకి పరిగెత్తాడు.

బండి అప్పుడే కదిలిపోయింది. స్టేషనులో పనిచేసే వాటీ పచ్చజెండా చుట్టేస్తున్నాడు.

"వానకోటు ముసలాయన ఎక్కాడా, వాటీ?"

"ఎక్కాడు. నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఒళ్ళంతా ఒకటే బీరు కంపు."

"ఏమన్నా అన్నాడా?"

"సంచి మోసే అబ్బాయి వస్తే, పోయేవాడికి తిట్లు బరువు కాదని చెప్పమన్నాడు. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు."

ఇన్నెస్ పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏ ఊరాయనది?"

"అడగలేదు. ఈ ఆట ఎక్కడ పెడితే అక్కడికి పోతాడంట. తాడు పట్టుకుని నిలబడి, దెబ్బ చప్పుడు వింటాడంట."

"వింటాడా?"

"మరింకేం చేస్తాడయ్యా, పుట్టుగుడ్డి."