ఆయన పేరు మీద

అయినా ఆనాడు తన కంచంలోంచి కార్జం ముక్కను ఎత్తుకుపోయిన మొగుడి వేళ్లే కదా, ఇప్పుడు వాచిపోయి గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నవి, అనుకుంది అనసూర్య. అప్పుడామెకు ఏడో నెల. “ఆడదానికి కార్జమెందుకే?” అని ఆయన నవ్వాడు.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా మూత్రాన్ని పరీక్షించే కమోడ్ ఒప్పుకుంటేనే తాళం పడ్డ మాంసం పెట్టె తెరుచుకుంటుంది. పేరు చెప్పి కూర్చోవాలి. ఒక్కరికి యూరిక్ యాసిడ్ ఎక్కువైనా ఇంటిల్లిపాదికీ సొరకాయే. ఆయన కిడ్నీలు ఇక మాంసాన్ని తట్టుకోలేవని నిన్ననే కమోడ్ హెచ్చరించింది.

“నా పేరు మీద నువ్వు పోయి కూసోరాదే. దానికేం ఎర్కైతది?” అన్నాడాయన.

“కిడ్నీలు పోతయంటున్నది గదా.”

“నువ్వేమన్న డాక్టర్‌వా? చెప్పింది చెయ్యి.”

చెప్పింది చేయడం ఆమెకు అలవాటే. ఈసారి కాదంటే ఆయన బతుకుతాడు. ఆ ఆలోచన తనను ఏమాత్రం కదిలించకపోవడం చూసి ఆమెకే వింతగా అనిపించింది.

పెళ్లయిన నాటి నుంచి ఆమె భర్త పేరును నోట పలకలేదు. బాత్రూమ్‌లోకి వెళ్లి, తలుపు వేసుకుని కూర్చుంది.

“మీ పేరు?” అని అడిగింది కమోడ్.

“రాజలింగం,” అంది అనసూర్య, తడబడకుండా.