అక్క గాజులు

"బిస్కెట్ లేదు," అంటూ కిరణ్మయి టీచర్ ప్రవల్లిక చేతిని ఖాళీ డబ్బాలో పెట్టి, అరచేతిలో 'లేదు' అనే కొత్త గుర్తు గీసింది.

చూపూ వినికిడీ లేని ఆ పిల్ల మనుషుల్ని తడిమే పోల్చుకుంటుంది. అందుకే పాప తల్లి అయిన తన అక్క పోయినప్పటి నుంచీ అనసూయ, అక్క గాజులే వేసుకుని, సాకేత్ కాలనీలోని ఈ ఫ్లాట్లో పాపకు అన్నం తినిపిస్తోంది.

"ఆర్నెల్లుగా నేనే అమ్మననుకుంటోంది, పిచ్చితల్లి," అంది అనసూయ.

ప్రవల్లిక డబ్బాను మళ్లీ మళ్లీ తడిమింది. పిన్ని చెయ్యి అందుకుని గాజులు నిమిరింది, మణికట్టు నిమిరింది. తర్వాత టీచర్ అరచేతిలో రెండు గుర్తులు గీసింది.

"ఏమంటోంది మేడమ్?"

"'అమ్మ లేదు' అంటోంది. మాట ఇవాళ వచ్చింది ఆంటీ. సంగతి ఎప్పుడో తెలిసినట్టుంది."

అనసూయ గాజులు తీయబోయింది. ప్రవల్లిక వాటిని మళ్లీ పైకి తోసి, రోజూలాగే ముద్ద కోసం నోరు తెరిచింది.