నడుము కొలత

మిషన్ మీద మొగుడి ప్యాంటు బోర్లా పడుంది. నడుము వెనక కుట్టు విప్పుతోంది ఆమె. ఈ ప్యాంటుకి ఇలా విప్పడం ఇది మూడోసారి.

ఒళ్ళు చేస్తున్నాడని ఆమె మురిసిపోతోంది.

"మీ ఆయనకి బొజ్జొచ్చిందే!" అంది జాకెట్టు కోసం వచ్చిన ఎదురింటావిడ.

"మందు మానేశారు కదా అక్కా, తిన్నది ఒంటబడుతోంది. నువ్వు దిష్టి పెట్టకు."

మానేశానని అతనే చెప్పాడు. ఆమె నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాడు. ఆ రోజు నుంచీ డిపోలో డ్యూటీ దిగి లవంగాలు నములుతూ ఇంటికొచ్చేవాడు. మానేసినవాళ్ళకి నోరు ఊరుకోదన్నాడు. ఆమె డబ్బా నిండా లవంగాలు తెచ్చిపెట్టింది, పిచ్చి మొహం!

చొక్కాలు మాత్రం భుజాల దగ్గర జారిపోతున్నాయి. చొక్కా చేతుల్లో అతని చేతులు పుల్లల్లా ఆడుతున్నాయి. ఊరందరికీ కుట్టిపెట్టే మనిషి, సొంత మొగుడి కొలతే తప్పానని తనను తాను తిట్టుకుంది.

కళ్ళు పచ్చబడ్డాక గానీ అతను ఆసుపత్రికి రాలేదు.

డాక్టరమ్మ అతని కాలి మీద వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది ఒళ్ళు కాదమ్మా, నీళ్ళు. మందుకి లివరు పాడైంది. కండంతా కరిగిపోయింది, పొట్టలో నీళ్ళు చేరాయి."

"ఆయన మానేశారండీ," అంది ఆమె గట్టిగా.

డాక్టరమ్మ అతని వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎదురింటావిడతో అన్న మాటలూ, తెచ్చిపెట్టిన లవంగాలూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

పొట్టకి సూది గుచ్చి నీళ్ళు తీశారు. మంచం కింద డబ్బా నిండుతుంటే ఆమె చూస్తూ నిలబడింది. తను చూసి మురిసిపోయిన బొజ్జ అది.

"ఇక చుక్క ముట్టారా, మళ్ళీ ఇలాగే నిండుతుంది. ప్రతిసారీ తీసి బతికించలేం," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ప్యాంటు తొడుక్కుంటే జారి మోకాళ్ళ మీద పడింది. అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"ఈసారి నిజంగా మానేశానే, నీ మీదొట్టు. నడుము బిగించెయ్. మిగిలిన గుడ్డ కోసి పారెయ్. ఆ కొలతతో మనకింక పనిలేదు."

ఆమె మిషన్ ముందు కూర్చుంది. పాత గీత పట్టుకుని బిగించి కుట్టింది. వెనకాల బెత్తెడు గుడ్డ మిగిలింది.

కత్తెర తీసుకుంది. గుడ్డ మీద ఆనించింది కూడా.

అంతలో అతను గూట్లో డబ్బా తీసి, అలవాటుగా ఓ లవంగం నోట్లో వేసుకున్నాడు.

ఆమె కత్తెర పక్కన పెట్టేసింది. మిగిలిన గుడ్డని లోపలికి మడిచింది. రేపు లాగితే ఊడొచ్చేలా, చేత్తో పొడుగు పొడుగు కుట్లు వేసింది.

"కోసేశావా?"

"ఆఁ, కోసేశానండీ."

అతను ప్యాంటు ఎక్కించుకుని చొక్కా లోపలికి దోపుకున్నాడు. వెనక్కి వెళ్ళిన బొటనవేలు ఆ మడత మీద ఆగింది.

కాసేపు అక్కడే ఉంది.

"సరిగ్గా సరిపోయింది," అన్నాడు.