మర్యాద

"ఒరేయ్, ఉద్యోగం నాకేరా!" గదిలోకి వస్తూనే అరిచాడు కళ్లజోడు.

పొట్టోడు బట్టలు మడతపెడుతున్నాడు. తలెత్తలేదు.

చదువు మొదలైనప్పటి నుంచీ ఇద్దరిదీ ఒకే గది. పొద్దున ఒకే ఉద్యోగం కోసం ఒకే బల్ల చుట్టూ కూర్చుని కంపెనీవాళ్లు పెట్టిన చర్చలో పాల్గొన్నారు. చర్చలో ఎవరినైనా 'మీరు' అనాలి. అందుకని వారమంతా గదిలో సాధన చేశారు. "మీరు నా సబ్బు అరగదీశారండీ" అని పడీపడీ నవ్వుకున్నారు. తీరా అక్కడ తన మాటకు కళ్లజోడు అడ్డొచ్చేసరికి పొట్టోడు నోరు జారాడు.

"ఒరేయ్, నన్ను చెప్పనివ్వరా!"

అందరూ నవ్వారు. కళ్లజోడు నవ్వలేదు. "మీరు కాస్త మర్యాదగా మాట్లాడండి," అన్నాడు.

ఇప్పుడు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "ఉన్నది ఒక్క ఉద్యోగం. నువ్వైనా అదే చేసేవాడివిరా."

"టై ఇవ్వండి. అది నాది."

కళ్లజోడు నవ్వాడు. "ఇంకా ఆ ఆటేనా? ముడి నువ్వేసిందే. విప్పడం నాకు రాదు."

పొట్టోడు దగ్గరికొచ్చి ముడి విప్పాడు. అతని ముఖంలో ఆట లేదు.

"ఒరేయ్, తిట్టరా. ఒక్కసారి తిట్టు."

"ఎందుకండీ?" టై మడతపెడుతూ అన్నాడు పొట్టోడు. "మీరు బాగా మాట్లాడారు."