బుగ్గ కండరం

“బుగ్గలు పూరించుమా. గాలి బయటికి పోనీకు.”

ఆంజినమ్మ విత్తనానికి ఒలుస్తున్న చెనక్కాయలను చేటలో పడేసి బుగ్గలు పూరించింది. ఎడమ పక్కనుంచి గాలి తుస్సుమంది.

“ఇంగోసారి.”

కూతురు సరళకు కళ్లు మూతలు పడుతున్నాయి. పొద్దున్నే ముదిగుబ్బలో బస్సెక్కి డెంటల్ కాలేజీకి పోయింది. దినమంతా అక్కడ నిలబడి, మళ్లీ బస్సులో నిలబడే వచ్చింది. కాళ్లయినా కడుక్కోకుండా అనాటమీ పుస్తకం ఒళ్లో పరుచుకుంది. అట్టలు ఊడిపోయిన పుస్తకం.

“బుగ్గ కండరం అయింది. కనుబొమలు పైకి లేపు. ఊ... ఇప్పుడు పండ్లు కనపడేటట్టు నవ్వుమా.”

“వాన లేదు, పాడు లేదు. ఏం చూసి నవ్వల్ల?” అంటూనే నవ్వింది ఆంజినమ్మ. గాలి సోకి వంకరపోయిన మూతి కుడివైపుకే లాక్కుపోయింది.

గోడ మీదినుంచి పక్కింటి సువార్త తొంగిచూసింది. “ఏం సరళా, ఆ మొహాల పరీక్ష ఇంగా గట్టెక్కలేదా? ఎన్నిమాట్లు రాస్తావమ్మా? మా వీరేష్ ఐటీఐ ముగించి పనిలో కూడా చేరిపాయె!”

సరళ తల వంచుకుంది. వీధిలో తనను ‘ఫెయిలు డాక్టరమ్మ’ అంటున్నారని ఆమెకు తెలుసు.

ఆంజినమ్మకు ఒళ్లు మండింది. “నా బిడ్డ పాసయితాదిలే. నీ పొయ్యి మీద కూడు మాడిపోతాంది, పో!”

సువార్త తల మాయమైంది.

“మూతి వంకరపోయినప్పుడు కదిరి డాక్టరు కూడా ఇట్లనే చేయమన్నాడు పాపా. దినామూ అద్దం ముందర చేయకుంటే మొహం ఇట్లనే నిలిచిపోతాదంట. ఆ కోతిచేష్టలకు నాకు యాడ తీరుతాది? నీ చదువు కాబట్టి చేస్తాండా. చెప్పు, ఇంగేం చేయల్ల?”

“ఈల వేసేటట్టు మూతి ముందుకు పెట్టు.”

పెట్టింది. సరళ అమ్మ పెదవి ఎడమ కొస వైపే చూసింది. మొన్నటిదాకా చచ్చుబడి ఉన్న ఆ కొస ఇవాళ రవ్వంత కదిలింది.

“ఈసారన్నా పాసయితావా పాపా?”

“ఇంగా కొన్నాళ్లు పడుతుందిమా,” అంది సరళ ఆవలిస్తూ.

ఆ పరీక్ష ఆమె రెండేళ్ల కిందటే, మొదటిసారికే, క్లాసులో అందరికన్నా పైన పాసైంది.