చదవని మాటలు

“కాయితం నిండా రాసుంటే రెండు ముక్కలే సదివినారు. మిగతాది ఏటి బాబూ?”

రాజులమ్మ అడగ్గానే నీలకంఠం ఉత్తరాన్ని మడత పెట్టాడు. ఆమె మొగుడు కూర్మనాథం మూడేళ్లుగా రంగంలో, అంటే రంగూన్‌లో, బియ్యం మిల్లులో పనిచేస్తున్నాడు. బారువ రేవులో స్టీమరు దిగే కూలీలు అతని ఉత్తరాలు తెచ్చిస్తారు. చదువు రాని రాజులమ్మ వాటిని కవిటిలో నీలకంఠం ఇంటి అరుగు మీదికి తెస్తుంది. నవలలు రాసే నీలకంఠం ఆమె మొగుడికి నేస్తం కదా మరి.

“చెప్పాను కదా. ఒంట్లో బాగుందట. కొబ్బరి మొక్కలకు నీళ్లు పెట్టమన్నాడు.”

“ఎప్పుడూ మొక్కలేనా? అవి సెట్లయిపోయినాయి. ఆ మనిసికి పెళ్లాం గేపకం రాదేటి?”

నీలకంఠం నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

“ఉన్నదున్నట్టు సదవండి. నేదంటే రేపు టెక్కలి ఎల్లి పంతులు సేత సదివించుకుంతాను.”

పంతులు చదివితే రేపు సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఇక్కడే నిజం చెబితే ఈమె మళ్లీ ఈ అరుగు ఎక్కదు, కూర్మనాథం మాట మళ్లీ చెవిన పడదు.

ఇక్కడి ఆచారం ప్రకారం ఊరందరి ఎదుట, కొత్త బట్టలు మార్చుకుని, తనూ కూర్మనాథం నేస్తం కట్టారు. ఊరికి అది స్నేహం. నీలకంఠానికి అదే ప్రేమ, అదే సంసారం. ఆరు నవలలు రాశాడు. ప్రతిదాంట్లోనూ కూర్మనాథానికి చీర కట్టి, ఆడపేరు పెట్టి అచ్చుకు పంపాడు. ఈ ఉత్తరంలో ఉన్నటువంటి వాక్యం ఒక్కటీ రాయలేకపోయాడు.

ఉత్తరం మళ్లీ విప్పాడు.

“‘నేస్తం, నువ్వు లేక ముద్ద దిగడం లేదు. కంట్లో ఊక పడిందని చెప్పి ఏడుస్తున్నాను...’”

ఆపై చదవలేక కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇది నాకు రాసింది రాజులమ్మా. అన్నీ నాకు రాసినవే. నీకు చదివినవన్నీ నా కల్పన. వాడు నీకెంతో నాకూ అంతే.”

కొబ్బరి పీచు దంచే చప్పుడు పక్కింట్లోంచి వినిపిస్తోంది. రాజులమ్మ అరుగు మీద సర్దుకుని కూర్చుంది.

“తెలుసు. తెలిసి ఏడాదయినాది. మా సెల్లి అచ్చరాలు సెప్పింది. ఆ కాయితాలే ముందెట్టుకుని దిద్దినాను. మొదట మీ ఇంటికి నిప్పెట్టేద్దారనుకున్నాను.”

“పెట్టాల్సింది. తెలిసీ నా చేత ఎందుకు చదివించావు?”

“మీ నోటంట ఓపాలి నిజం ఇందారని. ఎంత పెద్ద రాతగాడయినా మొక్కలు, మొక్కలు అంటాడేటని సూత్తన్నాను.” ఆమె పెదవి వంకర పోయింది. “సగంలో ఆపీసినారు. కానీండి.”

“నావల్ల కాదు.”

రాజులమ్మ కాగితం వైపు చూడలేదు. మిగతాది తనే అప్పజెప్పింది.

“‘అడిగినోళ్లకి ఊక అని సెప్తన్నాను. ఎవులి కోసరమో సెప్పుకోనేను.’”

నీలకంఠం ఉత్తరంలోకి చూశాడు. మాట పొల్లు పోలేదు.

“చూడకుండా ఎలా చెప్పావు?”

“ఈ కాయితం రాసింది నానే. మీరు నిజం సదివిననాడు ఇద్దరం కలిసి ఏడుద్దారని ఆగినాను బాబూ. ఆ మనిసి రంగంలోనే పోయి ఏడు నెలలయినాది.”